హిమము చెప్పిన సాక్ష్యము

విజ్ఞానమునకు దేశపు సరిహద్దులు లేవని మనము తరగతులలో బోధించుచుందుము. ఆ మాట పరీక్షకు నిలిచిన చోటు దక్షిణ ధ్రువ ఖండమునందలి వోస్తోక్ కేంద్రము.

అంతర్జాతీయ భూభౌతిక సంవత్సర సందర్భమున, 1957లో, సోవియట్ రష్యా దానిని నెలకొల్పెను. 1983లో అచట శీతలము సున్నకు దిగువ 89.2 డిగ్రీలకు చేరెను. రష్యా, అమెరికాలు అణ్వస్త్రములతో ఒకదానినొకటి బెదిరించుకొనుచున్న కాలమది. అయినను రష్యనులు తొలిచి తీసిన మంచును అమెరికా విమానములు మోయగా, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. అందు చిక్కువడిన గాలిబుడగలు 4,20,000 సంవత్సరముల చరిత్రను చెప్పినవని 1999లో లోకమునకు తెలిసెను. ఆ సుదీర్ఘకాలమున బొగ్గుపులుసు వాయువు గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 300 పాళ్లను మించలేదు. నేడది 420ని దాటినది. ఈ సాక్ష్యము ఏ ఒక్క దేశపు సొత్తును గాదు.

నేడు ఉత్తర ధ్రువమున కథ వేరుగా నున్నది. ఉక్రెయిన్ యుద్ధము కారణముగా, 2022 నుండి, రష్యాతోడి శాస్త్ర సహకారము చాలవరకు తెగిపోయినది. ఆ ధ్రువ సముద్రతీరములో సుమారు సగము రష్యాదే! అచట యుగములుగా గడ్డకట్టియున్న నేల కరగుచున్నది. ఆ కొలతలు అందనిచో లోకపు లెక్కయే తప్పును.

దురాక్రమణను ఖండింపవలసినదే. కాని ఉష్ణమాపకముతో వైరమేల? ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొందుమా?

ఉపాధ్యాయ మిత్రులారా! పటమున ధ్రువములను చూపునపుడు విద్యార్థులకు వోస్తోక్ కథను కూడ చెప్పుడు. శత్రువులు సైతము కలసి చదివిన గ్రంథమొకటి కలదని వారెరుగవలెను.