ఫైర్‌వాల్‌లో డీఎన్ఎస్ కాపలా పెట్టించండి

అండమాన్ నికోబార్ దీవుల ప్రధాన కార్యదర్శి గారికి,

2020 ఆగస్టు 10న చెన్నై సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక దీవుల్లో ఇంటర్నెట్ వేగం పెరిగింది. మోసగాళ్లకూ అదే దారి. నకిలీ లింకు నొక్కగానే కంప్యూటర్ ముందుగా ఆ డొమైన్ చిరునామా కోసం, సైట్ పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్‌ను అడుగుతుంది. ఫైర్‌వాల్ ఆ ప్రశ్న దగ్గరే అడ్డుపడితే సైట్ తెరుచుకోదు.

ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, బడుల ఫైర్‌వాల్‌లలో ఈ విధానం అమలు చేయించండి. హానికర డొమైన్ల జాబితా రోజూ తాజా చేయించండి. బయటి డీఎన్ఎస్ సర్వర్లకు, బ్రౌజర్ల ఎన్‌క్రిప్టెడ్ డీఎన్ఎస్‌కు ఉన్న దొడ్డిదారి మూయించండి. అడ్డుకున్న ప్రశ్నల లాగ్ చూస్తే ఏ కంప్యూటర్‌కు మాల్‌వేర్ సోకి ఉండొచ్చో తెలుస్తుంది. దాన్ని చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. పొరపాటున మంచి సైట్ ఆగిపోతే ఫిర్యాదు చేయడానికి ఒక ఫోన్ నంబరు ప్రకటించండి.

ఇట్లు,
శ్రీ విజయపురం తెలుగువారిలో ఒకరు