రిటైర్మెంట్ డబ్బు ఎఫ్‌డీలో ఉంచాలా, షేర్లలో పెట్టాలా?

ఎఫ్‌డీ వేసుకుంటే రాత్రి నిశ్చింతగా నిద్ర పడుతుంది. షేర్లలో పెడితే డబ్బు పెరుగుతుందంటారు. మీకిప్పుడు 35 ఏళ్లు, 60 తర్వాతి జీవితం కోసం దాచుకుంటున్నారు. ఏ దారి పట్టాలి?

ముందు ఎఫ్‌డీ లెక్క చూద్దాం. 7% వడ్డీ అనుకుందాం. మీరు 30% పన్ను శ్లాబులో ఉంటే సెస్‌తో సహా పన్ను పోను చేతికి మిగిలేది 4.8 శాతమే. నెలకు రూ.10 వేల చొప్పున 25 ఏళ్లు కడితే, అంటే మీ జేబులోంచి రూ.30 లక్షలు వెళ్తే, చివరికి వచ్చేది సుమారు రూ.58 లక్షలు. వినడానికి బాగానే ఉంది. కానీ ధరలు ఏటా 6% పెరిగితే, ఇవాళ రూ.40 వేలతో గడిచే ఇంటికి అప్పుడు నెలకు రూ.1.7 లక్షలు కావాలి. ఆ రూ.58 లక్షలు మూడేళ్లు కూడా రావు!

అదే రూ.10 వేలకు ఈక్విటీ ఫండ్‌లో ఏటా సగటున 11% వస్తే, పన్నుకు ముందు రూ.1.5 కోట్లు దాటుతుంది. అయితే ఈ 11 శాతానికి ఎవరి హామీ లేదు. హామీ ఇస్తామని ఎవరైనా వాట్సాప్‌లో పిలిస్తే దూరంగా ఉండండి.

'ఎక్కువ కాలం ఉంచితే నష్టమే ఉండదు' అనే మాట కూడా పూర్తి నిజం కాదు. 1992 ఏప్రిల్‌లో, హర్షద్ మెహతా జోరులో సెన్సెక్స్ 4,400 దాటింది. పదకొండేళ్ల తర్వాత, 2003 ఏప్రిల్‌లో అది 3 వేల దగ్గరే ఉంది. మళ్లీ 2008 జనవరిలో 21 వేలు తాకి, అదే అక్టోబర్‌లో 8 వేల దిగువకు జారింది. 2003 నుంచి నెలనెలా పెట్టుకుంటూ వచ్చి, 2008లో అమ్మకుండా ఆగినవాళ్లు తర్వాత కోలుకున్నారు. సరిగ్గా ఆ అక్టోబర్‌లోనే రిటైరై, డబ్బంతా షేర్లలోనే ఉంచుకున్నవారికి ఆగే వీలేది?

అందుకే వయసును బట్టి వాటా మారాలి. ఎన్‌పీఎస్ 'ఆటో చాయిస్' చేసేది ఇదే. ఎల్‌సీ-50 ఆప్షన్‌లో 35 ఏళ్ల వరకు సగం డబ్బు షేర్లలో ఉంటుంది. తర్వాత ఏటా తగ్గుతూ 55 ఏళ్లకు 10 శాతానికి వస్తుంది. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన మన రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగుల సీపీఎస్ సొమ్ములోనూ కొంత మార్కెట్‌లోనే ఉంది. చాలామందికి ఆ సంగతి తెలియదు.

మీకు ఈపీఎఫ్, పీపీఎఫ్ ఉంటే భద్రమైన వాటా ఇప్పటికే ఉన్నట్టే. దానిపై మళ్లీ ఎఫ్‌డీలే పేర్చుకుంటూ పోతే ధరల పరుగును అందుకోవడం కష్టం. ఆరు నెలల ఖర్చు మాత్రం బ్యాంకులోనే ఉంచండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి రూ.5 లక్షల వరకే. రిటైర్మెంట్ అయిదేళ్ల దూరంలో ఉన్నవారు, తొలి కొన్నేళ్ల ఖర్చుకు సరిపడా సొమ్మును ఇప్పటి నుంచే విడతలుగా షేర్లలోంచి బయటికి తెచ్చుకోవచ్చు.