నాబోతుకి దీవెన లేదా?



మన ఏజెన్సీ సంఘాల్లో ఈమధ్య ఒక బోధ బాగా నడుస్తోంది. దేవుడు తోడుంటే ఉద్యోగం వస్తుంది, బండి వస్తుంది, స్లాబు ఇల్లు లేస్తుంది. రాలేదంటే నీ విశ్వాసం తక్కువ, లేదా నీ కానుక తక్కువ. మైకు పట్టుకుని చెప్పినవాళ్ళు వెళ్ళిపోతారు. డీఎస్సీ పోయిన అన్న, నర్సింగ్ సీటు రాని అక్క మాత్రం తమలో ఏ పాపం ఉందో వెతుక్కుంటూ కూర్చుంటారు. పసుపు అమ్మిన డబ్బులోంచి పెద్ద నోటు తీసి, "విత్తనం" అని కవర్లో పెట్టేది మన అమ్మలే. ఈ బోధ తప్పు అంటున్నాం. బైబిల్ పక్కన పెట్టి కాదు, తెరిచే అంటున్నాం. సంఘానికి వెళ్ళని మిత్రులు కూడా చదవండి, ఇందులో భూమి సంగతి ఉంది.

ఆదికాండము 39 చూడండి. యోసేపు వర్ధిల్లాడని అక్కడ ఉంది. ఎప్పుడు? ఐగుప్తుకి అధికారి అయ్యాక కాదు. అన్నలు అమ్మేస్తే పోతీఫరు ఇంట్లో బానిసగా ఉన్నప్పుడు. మళ్ళీ అబద్ధపు నింద మోసి చెరసాలలో పడ్డప్పుడు కూడా. అంటే దేవుడు తోడుండడం వేరు, చేతిలో డబ్బుండడం వేరు.

కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల్లో యిర్మీయా 29:11 ఎంతమందికి వస్తుందో మనకు తెలుసు. ఆ మాట ఎవరికి రాశారో కార్డు మీద ఉండదు. ఊరు పోగొట్టుకుని బబులోనుకి చెరపట్టబడినవాళ్ళకి రాసిన ఉత్తరం అది. రెండేళ్ళలో అన్నీ తిరిగొస్తాయని హనన్యా అనే ప్రవక్త చెప్పాడు, అది అబద్ధమైంది. యిర్మీయా 70 ఏళ్ళన్నాడు. అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోరండి అన్నాడు.

ఇక నాబోతు. మొదటి రాజులు 21. అతని ద్రాక్షతోట అహాబు రాజుకి కూరతోట కోసం కావాలి. ఇంతకన్నా మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే డబ్బు ఇస్తానన్నాడు. మా తాతముత్తాతల భూమి ఇవ్వను అన్నాడు నాబోతు. అప్పుడు రాణి రాజు ముద్రతో ఉత్తరాలు పంపింది, ఇద్దరు దొంగ సాక్షులను పెట్టించింది, అతన్ని రాళ్ళతో కొట్టి చంపించింది. కాగితం, ముద్ర, దొంగ సాక్ష్యం. ఈ కథ మనకు వివరించి చెప్పాలా? ఆ బోధ లెక్కన చూస్తే రాజభవనం ఉన్న అహాబు దీవెన పొందినవాడు, నాబోతు విశ్వాసం చాలనివాడు. కానీ దేవుడు ఏలీయాని పంపింది అహాబుని నిలదీయడానికి.

భూమిని శాశ్వతంగా అమ్మకూడదని, 50వ ఏట అది సొంతవాళ్ళకి తిరిగి చేరాలని లేవీయకాండము 25 చెబుతుంది. మనకు 1959 రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ ఉన్నాయి. 1/70 అంటే అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1997 సమతా తీర్పు ప్రైవేటు గనుల కంపెనీలకు ప్రభుత్వం లీజులివ్వడాన్నీ ఆపింది. మరి దీవెన గురించి గంటలు చెప్పేవాళ్ళు ఈ సంగతి ఒక్క నిమిషమైనా ఎందుకు ఎత్తరు?

"అయితే ఉద్యోగాలు వద్దా, పేదరికంలోనే ఉండాలా?" అంటారు. మేం అలా అనడం లేదు. మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కినవాళ్ళం మేమే మొదలు, ఉద్యోగం మాకూ కావాలి. గర్భిణిని డోలీలో మోయడం దేవుని చిత్తం అని కూడా అనం. ఉద్యోగం వచ్చింది కాబట్టి దేవుడు మెచ్చాడు, రాలేదు కాబట్టి వదిలేశాడు అనే లెక్క తప్పు అంటున్నాం.

దశమభాగం గురించి మలాకీ 3 ఒక్కటే వినిపిస్తారు. ద్వితీయోపదేశకాండము 14 చివర కూడా చదవమనండి. మూడో ఏడు దశమభాగాన్ని ఊళ్ళోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్ళకు తృప్తిగా తినడానికి ఇవ్వాలి. మన సంఘాల్లో మూడేళ్ళకోసారైనా ఆ డబ్బు ఊళ్ళో ఉంటోందా? పరీక్ష ఫీజు కట్టలేని పిల్లకి, భూమి కేసుకి తిరిగే ముసలాయన బస్సు చార్జీకి అందుతోందా?

మొదటి జీతం అందుకున్న అన్నలూ అక్కలూ, సాక్ష్యం చెప్పేటప్పుడు ఏం కొన్నారో కాదు, ఊళ్ళో ఎవరికి ఆసరా అయ్యారో చెప్పండి. పరీక్ష పోయినవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి. మా మాట తప్పనిపిస్తే వచనం చూపించి ఇక్కడే చెప్పండి, మాట్లాడుకుందాం.