పొగరు కాదు... నా తీరే అంత!

"కోడలికి పొగరెక్కువ!" బేతంచెర్లలో కాపురానికొచ్చిన వారానికే నాకొచ్చిన బిరుదిది. ఎవరైనా పలకరిస్తే కళ్లలోకి చూడలేను. పెళ్లిలో మేళం మోగితే చెవులు మూసుకుని పెరట్లోకి పోతాను. బండలు కోసే మిషన్ల రొద ఊరందరికీ అలవాటే... నాకు మాత్రం ఇరవై ఏళ్లయినా కాలేదు. ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను.

మా చిన్నోడికి ఆటిజం అని చెప్పిన కర్నూలు డాక్టరమ్మ, "మీ చిన్నతనం ఎలా ఉండేదమ్మా?" అనడిగింది. తర్వాత నాకూ పరీక్షలు చేశారు. నలభై మూడో ఏట తెలిసింది, నాదీ అదేనని! ఏడ్చాను. బాధతో కాదు, తప్పు నాది కాదని తెలిసి.

ఇంత ఆలస్యమెందుకు? 1943లో లియో కానర్ అనే డాక్టరు ఆటిజం గురించి రాసిన వ్యాసంలోని 11 మంది పిల్లల్లో 8 మంది మగపిల్లలే. అది మగపిల్లల సమస్యేనన్న అభిప్రాయం చాలాకాలం పోలేదు. పైగా ఆడపిల్లకు "నవ్వు, పలకరించు, సర్దుకో" అని నేర్పుతాం. ఆమె నలుగురినీ చూసి నటిస్తుంది. లోపలి అలసట ఎవరికి కనబడుతుంది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. అది పిల్లలకే పరిమితమని చట్టం అనలేదు, మనమే అనుకుంటున్నాం.

అయితే పేరు తెలిసినంత మాత్రాన రోజు గడవదు. నాకు ధైర్యమిచ్చింది నాలాంటి మరో ఇద్దరు. ఒకామె టీచరు, ఒకామె బట్టలు కుడుతుంది. వాళ్లు సరేనన్నాకే డాక్టరమ్మ పరిచయం చేసింది. నెలకోసారి కర్నూల్లో కలుస్తాం. కళ్లలోకి చూడమని ఎవరూ అడగరు. మాటలు రాని రోజున మిద్దెమీద ఊరికే కూర్చుంటాం. "ముహూర్తానికి పోలేకపోతే ముందురోజే పోయి పెళ్లికూతుర్ని పలకరించి రా" అని చెప్పింది టైలరమ్మ. ఇరవై ఏళ్లలో ఎవరూ ఇవ్వని సలహా! డాక్టరు పేరు చెప్పగలదు. దానితో ఎలా బతకాలో, అలా బతుకుతున్నవాళ్లే చెప్పగలరు.

"ఈ వయసులో ఈ పరీక్షలేంది, నలుగురూ వింటే?" అంది మా అత్తమ్మ మొదట్లో. ఇప్పుడు మేళం మొదలైతే తనే, "నువ్వు లోపల కూర్చోపో తల్లీ" అంటోంది.

మాట తక్కువైన ప్రతి ఆడదానికీ ఆటిజం అని కాదు నేననేది. కానీ పొగరు అనే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ బిరుదు మోస్తున్నది మీరే అయితే... సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆపైన మీలాంటి ఇంకొకరిని వెతుక్కోండి.