నూలుకా, విత్తనానికా? దసలి పట్టుకాయ ముందున్న ప్రశ్న

హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట దుకాణాలలో టస్సర్ చీర కొనేవారు నేతను, రంగును, సిల్క్ మార్క్ చీటీని పరిశీలిస్తారు. కేంద్ర పట్టు మండలి 2004లో ప్రవేశపెట్టిన ఆ గుర్తు పట్టు స్వచ్ఛతకు హామీ ఇస్తుంది. దారం ఏ అడవిలోని ఏ రకం పురుగుదో తెలుపదు. విస్తరణ చర్చలలోనూ మగ్గానికి, మార్కెట్టుకు లభించే ప్రాధాన్యం తల్లి శలభానికి లభించడం లేదు.

దసలి పట్టుపురుగు (ఆంథీరియా మైలిట్టా), ఆఫ్రికాలోని మొపేన్ పురుగు ఒకే శాటర్నిడే కుటుంబానికి చెందినవి. ఈ శలభాలు ఆహారం తీసుకోవు. లార్వా దశలో కూడబెట్టిన శక్తితోనే కొద్ది రోజులు జీవించి, జతకట్టి, గుడ్లు పెట్టి మరణిస్తాయి. అందువలన నల్లమద్ది, తెల్లమద్ది ఆకుల నాణ్యత తరువాతి తరంపైనా ప్రభావం చూపుతుంది.

నూలు తీయాలంటే కాయలోని ప్యూపాను చంపక తప్పదు. విత్తనానికి ఉంచితే శలభం తన స్రావంతో కాయ కొనను మెత్తబరచి వెలుపలికి వస్తుంది. ఆ కాయ నుండి తెగని దారం రాదు. నేటి ఆదాయం, రేపటి పంట ఒకే కాయ కోసం పోటీపడతాయి. బోట్స్వానా, జింబాబ్వేలలో ఆహారం కోసం మొపేన్ పురుగులను ప్యూపా దశకు చేరనీయకుండా విపరీతంగా ఏరిన చోట్ల వాటి సంఖ్య క్షీణించింది. ఈ అనుభవం తెలంగాణకు హెచ్చరిక కావాలి.

చెన్నూరు, మహదేవపూర్ వంటి గోదావరి పరిసర అడవులు ‘ఆంధ్ర లోకల్’ రకానికి ఆలవాలం. ఏటి చివరి తరం ప్యూపా వేసవిని కాయలోనే నిద్రావస్థలో గడిపి, తొలకరితో శలభంగా మారుతుంది. అడవిలోని కాయలన్నిటినీ ఏరివేసి, బయటి విత్తనంతో వచ్చిన దిగుబడినే విజయంగా లెక్కిస్తే, ఈ నేలకు అలవడిన రకం మిగలదు.

అయితే, కాయ అమ్మితేనే ఇల్లు గడిచే గిరిజన రైతును ఊరికే కొన్ని వదలమనడం న్యాయం కాదు. విత్తనపు కాయకు నూలు కాయకన్న మెరుగైన ధర చెల్లించాలి. అడవిలో కొంత భాగాన్ని ఏరకుండా విడిచినందుకు పరిహారం ఇవ్వాలి. పెబ్రిన్ వ్యాధి గుడ్ల ద్వారా సంక్రమిస్తుంది కనుక, గుడ్లు పెట్టిన ప్రతి తల్లి శలభాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించే నైపుణ్యం గ్రామాలకు చేరాలి. ఇందుకయ్యే ఖర్చు నగరంలో అమ్ముడయ్యే చీర ధరలో భాగం కావాలి. విత్తనాన్ని లెక్కలోకి తీసుకోని ధర, ఎంత అధికమైనా, పూర్తి ధర కాదు.