నాలుకకు రుచి ఒక్కటే తెలుసునా?

2024 ఏప్రిల్‌లో జర్మనీ దేశాధ్యక్షుడు ఫ్రాంక్ వాల్టర్ స్టైన్‌మయర్ టర్కీ పర్యటనకు వెళుతూ 60 కిలోల డోనర్ కబాబును విమానంలో వెంట తీసుకువెళ్లారు. కడ్డీకి గుచ్చిన మాంసాన్ని నిలువుగా తిప్పుతూ సెగకు కాల్చి, పొరలు పొరలుగా కోసి రొట్టెలో పెట్టి ఇచ్చే తిండి అది. బెర్లిన్‌లో ఆ దుకాణం నడిపే తుర్కు కుటుంబపు మూడో తరం మనిషిని కూడా తీసుకువెళ్లారు. ఇస్తాంబుల్ విందులో అధ్యక్షుడే కత్తి పట్టి కోశారు. రెండు దేశాల చెలిమికి ఇది గుర్తు అని వారి ఉద్దేశం. కానీ జర్మనీలోని తుర్కు మూలాలవారిలో పలువురు నొచ్చుకున్నారు. అరవై ఏళ్లుగా ఈ దేశపు గనుల్లో, కర్మాగారాల్లో చెమటోడ్చాం, వైద్యులమయ్యాం, రచయితలమయ్యాం, పార్లమెంటుకు ఎన్నికయ్యాం, ఇన్ని చేసినా మీ కంటికి ఆనింది కబాబేనా అన్నది వారి ఆక్షేపణ సారాంశం.

ఈ ప్రశ్న బెంగుళూరు తెలుగువాడు కూడా అడగదగినది. అయితే ఎవరిని అడగాలన్నదే చిక్కు.

1961 అక్టోబరు 30న పశ్చిమ జర్మనీ, టర్కీల మధ్య కూలీల ఒప్పందం కుదిరింది. వచ్చినవారిని 'అతిథి కార్మికులు' అన్నారు. అతిథి అంటే తిరిగి వెళ్లిపోయేవాడని అర్థం. 1973లో కొత్తవారిని రప్పించడం ఆపేశారు గాని, ఉన్నవారు వెళ్లలేదు, కుటుంబాలను పిలిపించుకున్నారు. వారి కబాబు, బక్లావా, అయ్రాన్ (మనం తాగే ఉప్పు మజ్జిగకు తోబుట్టువే) జర్మనీ వీధుల్లో నిలదొక్కుకున్నాయి. మరి వారి పిల్లల చదువు? వలస కార్మికుల పిల్లలకు మాతృభాష బోధనను ప్రోత్సహించాలని ఐరోపా ఆర్థిక సమాజం 1977లో ఒక ఆదేశం చేసింది. అది సభ్యదేశాల పౌరుల పిల్లలకే వర్తిస్తుంది, టర్కీ సభ్యదేశం కాదు. 1992 నాటి ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల ఐరోపా ఒడంబడిక అయితే తన నిర్వచనంలోనే వలసవచ్చినవారి భాషలను తీసి పక్కన పెట్టింది. దాని కింద జర్మనీ డేనిష్‌కు, సోర్బియన్‌కు, ఫ్రిసియన్‌కు, రొమానీకి, దిగువ జర్మన్‌కు రక్షణ ఇచ్చింది. మంచిదే. లక్షలాది మంది ఇళ్లలో మాట్లాడే తుర్కీకి మాత్రం ఆ జాబితాలో చోటు లేదు. కొన్ని రాష్ట్రాలలో బడిలో తుర్కీ ఒక పాఠ్యాంశంగా ఉంది, మరికొన్నింట టర్కీ కాన్సులేట్లు పంపిన ఉపాధ్యాయులే దిక్కు.

ఎమినె సెవ్గి ఓజ్దమర్ అనే రచయిత్రి అలా టర్కీ నుంచి వెళ్లి జర్మన్‌లో రచనలు చేసిన మనిషి. 1990లో వెలువడిన ఆమె తొలి కథల పుస్తకం పేరు 'ముట్టర్‌ట్సుంగె'. జర్మన్‌లో మాతృభాషకు వాడుక మాట అది కాదు. తుర్కీలో 'దిల్' అంటే నాలుక, భాష రెండూను. ఆ పలుకుబడిని ఆమె జర్మన్‌లోకి దించి 'తల్లి నాలుక' అన్నారు. 2022లో జర్మన్ సాహిత్యంలో అత్యున్నతమైన బ్యూష్నర్ పురస్కారం ఆమెకు దక్కింది. రుచికీ మాటకూ ఆధారం ఒకే అవయవమన్న ఎరుక తుర్కీ పదంలోనే ఉంది.

ఇక మన ఊరికి వద్దాం. బెంగుళూరులో ఆంధ్ర భోజనం ఏ పేటలో దొరకదు? రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున ముందు మధ్యాహ్నం వేచి నిలబడేవారిలో తెలుగువారెందరో ఇతరులూ అందరు. అరిటాకు, ముద్దపప్పు, నెయ్యి, కందిపొడి, గోంగూర, ఆవకాయ అందరివీ అయ్యాయి. ఇందులో పరాయితనమూ పెద్దగా లేదు. గోంగూరను తెలంగాణంలో పుంటికూర అంటారు, ఉత్తర కర్ణాటకంలో పుండి అంటారు. రాయలసీమ సంగటే ఇక్కడి ముద్దె. 2011 జనాభా లెక్కల ప్రకారం బెంగుళూరు నగర జిల్లాలో నూటికి దాదాపు 14 మంది మాతృభాష తెలుగు. వీరిలో నిన్నమొన్న సాఫ్ట్‌వేరు కొలువులకు వచ్చినవారూ ఉన్నారు, తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినవారూ ఉన్నారు. కనుక తుర్కుల కథ మనకు పూర్తిగా అతకదు. మనం అతిథులం కాము.

చట్టం విషయంలోనైతే మన స్థితి వారికంటే ఎంతో మెరుగు. రాజ్యాంగం 29వ అధికరణం భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో భాష కోసం ఆందోళన చేసే హక్కు కూడా ఇమిడి ఉందని సర్వోన్నత న్యాయస్థానం 1964లోనే జగదేవ్ సింగ్ సిద్ధాంతి కేసులో చెప్పింది. 1956లో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలంటున్నది. 'ప్రయత్నించాలి' అన్న ఆ క్రియాపదం బలహీనమైనదే, నాబోటి న్యాయవాదికి దానితో వాదించడం కష్టమే. అయినా కర్ణాటక పదో తరగతి పరీక్షలో ప్రథమ భాషగా తెలుగును ఎంచుకునే వీలు నేటికీ ఉంది. ఎంచుకునేవారేరీ? ప్రాథమిక బడిలో మాతృభాషా మాధ్యమాన్ని రాజ్యం బలవంతం చేయరాదనీ, పిల్లల మాతృభాష ఏదో తేల్చవలసింది తల్లిదండ్రులేననీ 2014లో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ స్వేచ్ఛను మనం దేనికి వాడుకున్నామో చుట్టూ చూస్తే తెలుస్తుంది.

పేరుపలకల సంగతి చూడండి. 2024లో సవరించిన చట్టం ప్రకారం కర్ణాటకలో దుకాణాల పలకలపై 60 పాళ్లు కన్నడం ఉండాలి, అదీ పై సగంలో. ఇది న్యాయమైన కోరిక. కన్నడ నేలమీద కన్నడానికి పెద్దపీట వేయడాన్ని తెలుగు ఉద్యమకారులు మనస్ఫూర్తిగా సమర్థించాలి. 2023 డిసెంబరులో పలకలు పగలగొట్టిన పద్ధతిని సమర్థించనక్కరలేదు. మిగిలిన 40 పాళ్లలో ఏం రాయాలో మన ఇష్టం. అక్కడ తెలుగు రాయవద్దని ఎవరూ అనలేదు. మరి మన భోజనశాలలవాళ్లు ఏం రాస్తున్నారు? ఇంగ్లీషు. లోపల భోజనపట్టికలో గోంగూర, గుత్తివంకాయ సైతం ఇంగ్లీషు లిపిలోనే కూర్చున్నాయి. స్టైన్‌మయర్‌గారు తుర్కులను కబాబుకు కుదించారంటే ఆయన పరాయివాడు. మనలను పప్పన్నానికి కుదించింది మనమే.

తుర్కులు ఒకప్పుడు మన దగ్గరికీ వచ్చారు. గోల్కొండ ఏలిన కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ తుర్కమాను తెగలవాడు. ఆ వంశపు ఇబ్రహీం (పాలన 1550–1580) తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధర కవి 'తపతీసంవరణోపాఖ్యానం' ఆయనకు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యమైన పొన్నికంటి తెలగన్న 'యయాతిచరిత్ర'ను అంకితం తీసుకున్నవాడు అమీన్‌ఖాను. వారి కీమా, కుర్మా, తుపాకి మన నిఘంటువులో మిగిలాయి. తమ వంట మానకుండానే వారు మన భాషను నెత్తిన పెట్టుకున్నారు. తెలుగు ఉద్యమంలో 'తురక' అన్న మాటను తిట్టుగా వాడే మిత్రులు ఈ సంగతి ఒక్కసారి తలచుకోవాలి.

ఈ కథకు మరో ముఖం ఉంది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. 2008లో టర్కీ ప్రధానిగా ఎర్దొగాన్ జర్మనీలోని కొలోన్ నగరంలో తుర్కులనుద్దేశించి, బలవంతపు విలీనం మానవాళిపై నేరమన్నారు. సబబే. కానీ ఆయన స్వదేశపు రాజ్యాంగం 42వ అధికరణం తుర్కీ తప్ప మరే భాషనూ మాతృభాషగా బోధించరాదంటున్నది. కుర్దీ లిపిలోని మూడు అక్షరాలపై ఉన్న నిషేధం తొలగింది 2013లో. మనం మాత్రం తక్కువ తిన్నామా? బెంగుళూరులో తెలుగు బడి కావాలంటాం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెలుగు మాధ్యమాన్నే తీసివేయబోతే, 2020 ఏప్రిల్‌లో ఉన్నత న్యాయస్థానం ఆ ఉత్తర్వును కొట్టివేయవలసి వచ్చింది. మడకశిర, ఆదోనిల కన్నడిగులకూ, కోయ, సవర, గోండు పిల్లలకూ మనమేం ఇచ్చామని అడిగితే జవాబు చెప్పడానికి మనకు నోరు రాదు.

2025 మేలో టర్కీ పాకిస్తాను పక్షం వహించిందన్న ఆగ్రహంలో ఆ దేశపు ఆపిళ్లతోపాటు భాషాపాఠమూ పోయింది. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తుర్కీ బోధనకు టర్కీ సంస్థతో చేసుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. ఒక ప్రభుత్వం చేసిన పనికి ఒక భాషను శిక్షించడం నాకు నచ్చలేదు. తుర్కీ ఎర్దొగాన్‌గారి సొత్తు కాదు.

బెంగుళూరు తెలుగు సంఘాల ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. ఉగాదికి పచ్చడి, బొబ్బట్లు, పాటకచేరీ ఎలాగూ ఉంటాయి. ఆ రోజే వేదిక పక్కన ఒక బల్ల వేయించండి. వచ్చే జూన్‌లో పిల్లలకు తెలుగును ఒక భాషగా చెప్పించదలచిన తల్లిదండ్రుల పేర్లు బడులవారీగా రాసుకోండి. ఒక్కొక్క బడి నుంచి ఎందరు తేలినా సరే, ఆ జాబితాతో విద్యాశాఖకు వినతిపత్రం ఇవ్వండి, ప్రతిని భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపండి. చట్టపరమైన రాతకోతలు నేను, నా తోటి న్యాయవాదులు ఉచితంగా చేసిపెడతాం. అలాగే భోజనశాలల యజమానులను కలిసి, ఆ 40 పాళ్లలో కనీసం ఒక వరుస తెలుగుకు ఇమ్మని అడగండి.