బాలింత పాలకు దోషం అంటగట్టిందెవరు?

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పసిబిడ్డ రాత్రంతా ఏడిస్తే అనుమానం ముందు తల్లి పాల మీదికే పోతుంది. దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తారు. పాలు పడలేదని తాయెత్తు కడతారు. ముర్రుపాలు పిండి పారబోసి, ఉగ్గుగిన్నెతో తేనో, గాడిద పాలో పోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రోగాలను అడ్డుకునే శక్తి దండిగా ఉండేది పారబోసిన ఆ పచ్చని పాలలోనే. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడమే ప్రమాదం. అయినా నింద పడేది బాలింత మీద.

పాలకు దోషం పట్టడమనే ఊహ చాలా పాతది. సుశ్రుతుడు చనుబాలను నీళ్లలో వేసి చూడమన్నాడు. తేలకుండా, అడుగుకు దిగకుండా కలిసిపోతే మంచివన్నాడు. చూసి తేల్చుకోవాలన్న ఆ ప్రయత్నం మీద నాకు గౌరవమే. కానీ ఈ కాలపు విషానికి రంగు లేదు, వాసన లేదు. 1951లో అమెరికాలో తల్లిపాలలో డీడీటీ అనే పురుగుమందు బయటపడింది ప్రయోగశాలలోనే.

డీడీటీ, బీహెచ్‌సీ లాంటివి కొవ్వులో కరుగుతాయి. తిండితో లోపలికి పోయి ఒంటి కొవ్వులో ఏళ్ల తరబడి నిలవుంటాయి. బిడ్డకు పాలిచ్చే రోజుల్లో తల్లి ఒంటి కొవ్వు కరిగి పాలలోకి దిగుతుంది, దానితోపాటే ఇవీ దిగుతాయి. అందుకే తొలిచూలు బిడ్డకు ఎక్కువ అందుతాయి, తర్వాతి కాన్పుల్లో తగ్గుతాయి. ఇందులో ఎవరి చూపుకూ, ఏ గ్రహానికీ పాత్ర లేదు.

ఇది పత్తి నేల. ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి వెనక ఏళ్లకేళ్లు కొట్టిన మందు ఉంది. వ్యవసాయంలో డీడీటీని 1989లో ఆపారు, బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మే 13న ఆపించింది. తర్వాత మిగిలిన మోనోక్రోటోఫాస్ లాంటివి డీడీటీలా కొవ్వులో పేరుకోవు గానీ, అప్పటికప్పుడే ప్రాణం తీయగలవు. ఆ డబ్బా మీద ఎర్ర గుర్తు ఉండేది అందుకే.

కూలికి వచ్చిన బాలింత వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి చేనులోకి దిగుతుంది. బిడ్డ ఏడుపు వినబడగానే గట్టెక్కి, చేతులు చీర కుచ్చిళ్లకే తుడుచుకుని రొమ్ము అందిస్తుంది. ఆ చేతులకూ ఆ చీరకూ అంటినది ఆకుల మీది మందే. కడుక్కోవడానికి గట్టున బిందెడు నీళ్లుండవు. తాయెత్తు కట్టే పెద్దల కంటికి ఆ చీర ఆనదు, నన్ను బాధించేది అదే.

ఇదంతా విని పాలు మాన్పించి డబ్బా పాలకో, గేదె పాలకో దిగితే అది ఇంకో మూఢత్వం. భారత వైద్య పరిశోధన మండలి 12 రాష్ట్రాల్లో 2,205 ఆవు, గేదె పాల నమూనాలు పరీక్షించి 1993లో నివేదిక ఇచ్చింది. నూటికి 82 నమూనాల్లో డీడీటీ ఉంది. ఇక డబ్బా పొడి కలిపే నీళ్లు ఎలాంటివో మన పల్లెల్లో ఎవరికి తెలియదు? మొదటి గంటలోనే రొమ్ము పట్టాలనీ, ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఈ రసాయనాల సంగతంతా తెలిసే.

డీడీటీ వాడకం ఆపేసిన స్వీడన్‌లో 1972 నుంచి 1997 దాకా తల్లిపాలను పరీక్షిస్తూ వచ్చారు. విషం ఏటికేడు తగ్గి చాలా కొద్దిపాటికి వచ్చింది. అక్కడి తల్లులు ఏ మొక్కూ మొక్కలేదు, మందు ఆగింది. ఇక్కడా చేయాల్సింది తెలుసు. మందు కొట్టిన చేనులోకి బాలింతను దించకూడదు, గట్టున నీళ్లూ సబ్బూ పెట్టాలి, ఎర్ర గుర్తు మందుల అమ్మకం ఆపించాలి. మొదటి రెండూ చేను ఆసామి బాధ్యత, మూడోది ప్రభుత్వానిది.